గాలి ఒక్కటే... ఇంగ్లీషులో పేర్లు పది!

మనం తెలుగులో ‘గాలి’ అనే ఒక్క మాటతో ఎన్ని పనులు జరుపుకుంటామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఫ్యాన్ కింద గాలి, సైకిలు ట్యూబులో గాలి, చంటివాడి కడుపులో గాలి, సాయంత్రం డాబా మీద గాలి, తుఫాను రాత్రి గాలి... అన్నీ గాలే. పొయ్యి దగ్గర్నుంచి చెమటలు తుడుచుకుంటూ వచ్చి ‘అబ్బ, గాలే లేదు’ అంటే ఇంట్లో అందరికీ అర్థమైపోతుంది. ఇదే మాట ఇంగ్లీషులో చెప్పమంటే మనలో చాలామంది ‘ఎయిర్ ఈజ్ నాట్ కమింగ్’ అంటాం. అది విన్న ఇంగ్లీషువాడు మనకి ఊపిరాడటం లేదేమోనని కంగారు పడతాడు.

పిల్లల్ని హోంవర్కు దగ్గర కూర్చోబెట్టే తల్లులకి ఈ గాలి మాటలు తరచూ తగులుతూనే ఉంటాయి. డిక్షనరీ తీస్తే ఎయిర్ అంటే గాలి, విండ్ అంటే గాలి, బ్రీజ్ అంటే చిన్న గాలి, గేల్ అంటే పెద్ద గాలి అని రాసి ఊరుకుంటుంది. ఎక్కడ ఏది వాడాలో చెప్పదు. పరీక్షలో ఒక మార్కు పోతే పోయింది గానీ, కోస్తా జిల్లాల్లో ఉన్న మనకి తుఫాను హెచ్చరికల్లో కూడా ఈ మాటలే వస్తాయి. అందుకే ఇంటర్‌తో చదువు ఆపేసినా, దీన్ని కాస్త పట్టించుకుని కూర్చున్నాను.

కదిలితే విండ్, కదలకపోతే ఎయిర్

ముందు ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఎయిర్ అంటే మన చుట్టూ నిండి ఉన్న పదార్థం. పీల్చేది, టైరులో కొట్టించేది, బెలూన్‌లో ఊదేది. అది కదిలితే విండ్. అందుకే టైరులో ‘విండ్’ ఉండదు, చెట్టు కొమ్మల్ని ‘ఎయిర్’ ఊపదు. కడుపులో గాలికి మాత్రం ఇంగ్లండు వాళ్లు విండ్ అనే అంటారు. చంటిపిల్లకి పాలుపట్టి భుజాన వేసుకుని వీపు తట్టి త్రేన్పు తెప్పిస్తాం చూడండి, దానికి వాళ్లు ‘విండింగ్ ద బేబీ’ అంటారు. అమెరికా వాళ్లకైతే అది గ్యాస్.

వ్యాకరణం సంగతికొస్తే ఎయిర్ లెక్కపెట్టేది కాదు. నీళ్లు, పిండి లాంటిదన్నమాట. మామూలు అర్థంలో ముందు ‘యాన్’ రాదు, చివర ‘ఎస్’ రాదు. ‘ఎయిర్స్’ అన్నామంటే అర్థమే మారిపోతుంది. ‘షీ పుట్స్ ఆన్ ఎయిర్స్’ అంటే ఆవిడ గొప్పలు పోతోందని! విండ్‌కి మామూలుగా ముందు ‘ద’ పెడతారు. ‘ద విండ్ ఈజ్ స్ట్రాంగ్’. ఎలాంటి గాలో చెప్పినప్పుడు మాత్రం ‘ఎ కోల్డ్ విండ్’ అనొచ్చు. వార్తల్లో ‘స్ట్రాంగ్ విండ్స్’ అని బహువచనం కూడా వస్తుంది. బ్రీజ్‌కి ఆ బాధ లేదు, ‘ఎ బ్రీజ్’, ‘టూ బ్రీజెస్’ అని హాయిగా లెక్కపెట్టుకోవచ్చు. డాబా మీద చల్లగాలి వేస్తే ‘దేర్ ఈజ్ ఎ నైస్ బ్రీజ్’. గాలి లేకపోతే ‘దేర్ ఈజ్ నో బ్రీజ్’. మనం ‘ఎయిర్ ఈజ్ నాట్ కమింగ్’ అనే చోట పెట్టాల్సిన మాట ఇదే.

విశేషణాలు కూడా చూడండి. ఇల్లు అద్దెకిచ్చే ప్రకటనల్లో ‘ఎయిరీ రూమ్స్’ అని రాస్తారు, గాలీ వెలుతురూ ధారాళంగా ఉన్న గదులని. దాన్ని ‘విండీ రూమ్స్’ అని రాస్తే ఎవరూ అద్దెకి రారు. విండీ అంటే బట్టలెగిరిపోయేంత గాలి. ‘బాగా గాలిగా ఉంది’ అనడానికి ‘ఇట్ ఈజ్ విండీ’ అంటారు. ఆ ‘ఇట్’ ఎవరో అడక్కండి. మన భాషలో అలాంటి ఉత్తి కర్త అక్కర్లేదు గానీ ఇంగ్లీషు వాక్యం అది లేకపోతే నిలబడదు.

ఇక డ్రాఫ్ట్ అని ఇంకొకటి ఉంది. ఇంగ్లండులో దాని స్పెల్లింగు డి-ఆర్-ఎ-యు-జి-హెచ్-టి, చదవడం మాత్రం డ్రాఫ్టే. తలుపు సందులోంచి గదిలోకి దూరే గాలిపాయ అది. చలిదేశాల వాళ్లకి అది శత్రువు. దాన్ని ఆపడానికి తలుపు కింద గుడ్డ చుట్టలు పెట్టుకుంటారు. మనకి అదే గాలి కావాలి. ఎదురెదురు కిటికీలు పెట్టించుకుని ‘క్రాస్ వెంటిలేషన్’ అని మురిసిపోతాం. వాళ్ల కథల పుస్తకాల్లో ముసలమ్మ డ్రాఫ్ట్‌లో కూర్చుని జలుబు తెచ్చుకుందని చదివి మన పిల్లలు తెల్లబోవడంలో వింతేముంది?

‘గాలికి’ అన్నామంటే చిక్కే

నా ఉద్దేశంలో అసలైన కష్టం మాటల్లో కాదు, వాక్యంలో ఉంది. తెలుగులో గాలి ఎంత పెద్ద పని చేసినా దాన్ని ఎక్కువగా ‘గాలికి’ అని పక్కన నిలబెడతాం. గాలికి తలుపు పడింది. గాలికి బట్టలు ఆరాయి. గాలికి దీపం ఆరిపోయింది. గాలికి జలుబు చేసింది. అన్నిటికీ ఒకటే ‘కి’. ఇంగ్లీషులో ఈ నాలుగూ నాలుగు దారులు పడతాయి.

తలుపు పడితే గాలినే కర్తని చేసేస్తారు: ‘ద విండ్ బ్లూ ద డోర్ షట్’. ఈ బ్లూ నీలం రంగు కాదు, బ్లో అనే క్రియకి భూతకాలం. పలకడం ఒకటే, స్పెల్లింగు వేరు. బ్లో, బ్లూ, బ్లోన్ అని మూడు రూపాలు. బట్టలు ఆరితే ‘ద క్లోత్స్ డ్రైడ్ ఇన్ ద విండ్’, గాలిలో ఆరాయంటారు. దీపం ఆరితే ‘ద లాంప్ వజ్ బ్లోన్ అవుట్ బై ద విండ్’, గాలి చేత అంటారు. జలుబైతే ‘షీ కాట్ ఎ కోల్డ్ ఫ్రమ్ ద డ్రాఫ్ట్’, గాలి వల్ల. పిల్లలు ‘టు ద విండ్’ అని రాశారంటే కొంపదీసి బుర్ర లేదనుకోకండి. మన ‘కి’ని చక్కగా అనువదించారంతే. వాళ్లకి చెప్పాల్సిందల్లా ఒక్క ప్రశ్న: గాలి ఆ పని చేసిందా, లేక గాలిలో ఆ పని జరిగిందా?

బ్లోకి తోకలు తగిలిస్తే ఇంకో సంత. బ్లో అవుట్ అంటే దీపం ఆర్పడం. బ్లో అప్ అంటే బెలూన్ ఊదడం, బాంబు పేలడం కూడా. బ్లో ఓవర్ అంటే గాలివాన వెలిసిపోవడం. అత్తాకోడళ్ల మధ్య మాటామాటా వచ్చి రెండ్రోజుల్లో సర్దుకుంటే అదీ బ్లో ఓవరే. ఈ ఒక్క చోట ఇంగ్లీషు వాళ్లు మన సంసారాలు చూసే పేరు పెట్టారా అనిపిస్తుంది!

బ్రీజ్ అంటే పిల్లగాలేనా?

తెలుగులో గాలి ముందు ఒక మాట చేర్చి రకాలు చెబుతాం. పిల్లగాలి, పైరగాలి, ఈదురుగాలి, సుడిగాలి, హోరుగాలి. ఇంగ్లీషులో బలాన్నిబట్టి పేరే మారిపోతుంది. ఆ పేర్లకి కొలత పెట్టినవాడు బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్. 1805లో ఆయన గాలిని 0 నుంచి 12 వరకూ మెట్లుగా విడగొట్టాడు. ఓడ తెరచాపలు ఎంత గాలికి తట్టుకుంటాయన్నది ఆయన చూసుకున్న గుర్తు. కిలోమీటర్ల లెక్కలు తర్వాత వచ్చి చేరాయి.

ఆ లెక్కలో బ్రీజ్ గంటకి 6 కిలోమీటర్ల దగ్గర మొదలై 49 దాకా పోతుంది. లైట్ బ్రీజ్ అంటే ముఖానికి చల్లగా తగిలేది, ఆకులు గలగలలాడేది. అదే స్ట్రాంగ్ బ్రీజ్ అయితే పెద్ద కొమ్మలు ఊగుతాయి, గొడుగు పట్టుకోవడం కష్టమవుతుంది. కాబట్టి బ్రీజ్ అనగానే పిల్లగాలి అని రాసేసుకోకూడదు, ముందున్న మాట కూడా చూడాలి. 62 దగ్గర గేల్ మొదలవుతుంది. దానికి ఎదురు నడవడం కష్టం, రెమ్మలు విరిగిపడతాయి. 89 నుంచి స్టార్మ్. 118 దాటితే హరికేన్ బలం.

హెచ్చరికలో మాటలు

ఇప్పుడు అసలు సంగతి. తుఫాను రోజుల్లో వాతావరణ శాఖ ఇంగ్లీషు బులెటిన్ ఇంచుమించు ఇలా ఉంటుంది: ‘స్క్వాలీ విండ్ స్పీడ్ రీచింగ్ 45-55 గస్టింగ్ టు 65’. ఇంకా ముదిరితే ‘గేల్ విండ్ స్పీడ్ రీచింగ్ 100-110 గస్టింగ్ టు 120’. టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో, ఫోన్లలో ఒకరికొకరు పంపుకునే కాగితాల్లో ఇవే మాటలు.

గస్ట్ అంటే ఉన్నట్టుండి విసిరి కొట్టే విసురు. కొన్ని సెకన్లే ఉంటుంది, తగ్గిపోతుంది. ఎప్పుడూ లెక్కపెట్టుకోవచ్చు: ‘ఎ గస్ట్ ఆఫ్ విండ్’. అదే మాటని క్రియగా మార్చి ‘గస్టింగ్ టు 120’ అంటే, నిలకడగా వీచే గాలి 100-110 అయినా నడుమ నడుమ విసురు 120ని అందుకుంటుందని. తెలుగు వార్తల్లో దీన్ని ‘అప్పుడప్పుడు 120 కిలోమీటర్ల వేగంతో’ అంటారు. ఆ ‘అప్పుడప్పుడు’ వినగానే మనకి తేలిగ్గా అనిపిస్తుంది. అప్పుడప్పుడే కదా అనుకుంటాం. కానీ రేకు లేచేదీ, కొబ్బరిచెట్టు కూలేదీ ఎక్కువగా ఆ విసురులోనే. గాలి వేగం రెండింతలైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. 100 నుంచి 120 అంటే పెరిగింది ఇరవయ్యే కదా అనిపిస్తుంది గానీ, బలం దాదాపు ఒకటిన్నర రెట్లు. రేకుల షెడ్డు ఉన్నవాళ్లు, డాబా మీద సింటెక్స్ ట్యాంకు ఖాళీగా ఉన్నవాళ్లు చూసుకోవలసింది ‘గస్టింగ్ టు’ తర్వాతి అంకెనే.

స్క్వాల్ గస్ట్‌కి అక్కలాంటిది. అదీ ఉన్నట్టుండే వస్తుంది కానీ కనీసం ఒక నిమిషమైనా నిలబడుతుంది. మన ఈదురుగాలికి సరిపోయే మాట ఇదే. గేల్ అంటే విసురు కాదు, ఆగకుండా కొట్టే పెద్ద గాలి. కాబట్టి బులెటిన్‌లో స్క్వాలీ పోయి గేల్ వచ్చిందంటే ప్రమాదం ఒక మెట్టు పైకెక్కినట్టు.

ఇంకో తిరకాసు ఉంది. బ్యూఫోర్ట్ లెక్కలో స్టార్మ్ 89 దగ్గర మొదలైతే, మన వాతావరణ శాఖ 62 దాటగానే సైక్లోనిక్ స్టార్మ్, అంటే తుఫాను అనేస్తుంది. అంతకు తక్కువైతే వాయుగుండం, తీవ్ర వాయుగుండం. 89 నుంచి తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్ర తుఫాను, ఆపైన ఇంకా రెండు మెట్లు. అన్నిటికన్నా పైది సూపర్ సైక్లోనిక్ స్టార్మ్, గంటకి 220 దాటిన గాలి. 1999 అక్టోబరులో ఒడిశాని ఊడ్చేసింది అదే. 1996 నవంబరు 6న మన కోనసీమ మీద విరుచుకుపడి వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకున్న తుఫాను నాటికి ‘వెరీ సివియర్’ అనే మెట్టు లేదు. దానికి బదులు ‘సివియర్ సైక్లోనిక్ స్టార్మ్ విత్ ఎ కోర్ ఆఫ్ హరికేన్ విండ్స్’ అని బారెడు పేరు ఉండేది. అంత పొడుగు పేరులో ముఖ్యమైన మాట చివర్లో ఉంటే వినేవాళ్లకి ఏం చేరుతుంది చెప్పండి? తర్వాత దాన్ని మార్చడం చాలా మంచి పని.

గాలికి సంబంధించిందే లల్ అని చిన్న మాట ఉంది. హోరున వీచే గాలి కాసేపు సద్దుమణగడం. ‘ఎ లల్ ఇన్ ద స్టార్మ్’. జోలపాటని లల్లబై అంటారు కదా, అది ఈ లల్ నుంచి వచ్చిందే. పిల్లని జోకొడితే నిద్రపోయినట్టు గాలి నిద్రపోతుందన్నమాట. అయితే తుఫానులో ఈ జోలని నమ్మకూడదు. పెద్ద తుఫానుకి నడుమ కన్ను ఉంటుంది, అక్కడ గాలి ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గరే తీరం దాటినప్పుడు ఊరి మీదుగా కన్ను పోయింది. హోరు ఆగిపోయింది. హమ్మయ్య, వెళ్లిపోయిందనుకునేలోగా ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంత గాలీ కొట్టింది. పెద్దగాలి ఒక్కసారిగా ఆగిపోయిందంటే వీధిలోకి పోయి చెట్లెన్ని పడ్డాయో చూసే సమయం కాదది. మరోవైపు తలుపులూ కిటికీలూ బిగించుకోవాలి.

బులెటిన్ చివర్లో ‘స్టార్మ్ సర్జ్’ అని వస్తే అది ఉప్పెన. గాలి కాదు, గాలి తోసుకొచ్చిన సముద్రం. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమంది ప్రాణాలు పోయింది ఎక్కువగా దానివల్లే. ‘అబౌ ఆస్ట్రనామికల్ టైడ్’ అని పక్కన ఉంటుంది. జ్యోతిషం ఏమీ లేదండీ. రోజూ వచ్చే సముద్రపు పోటు మీద అదనంగా అన్ని మీటర్లని అర్థం.

సైక్లోన్ అనే మాటకి మాత్రం మనతో చుట్టరికం ఉంది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ పాము చుట్టని గుర్తుచేసే గ్రీకు మాట పట్టుకుని ఈ పేరు పెట్టాడు. 1848 నాటి ఆయన పుస్తకంతో అది నావికుల్లో పాకింది. 1789లో కాకినాడ పక్కన కోరింగని ముంచేసిన తుఫాను గురించి కూడా ఆయన రాశాడు. అట్లాంటిక్‌లో పుడితే హరికేన్, జపాను వైపు పుడితే టైఫూన్, మన బంగాళాఖాతంలో పుడితే సైక్లోన్. మూడూ ఒకటే, పుట్టిల్లు వేరు. టోర్నడో మాత్రం వేరే జాతి. అది సన్నటి సుడి, కొద్దిసేపు ఉండి పోతుంది.

దిక్కుల విషయంలో ఒక్క మాట. ‘ఈస్టర్లీ విండ్’ అంటే మన తూర్పు గాలే, తూర్పు నుంచి వచ్చేది. ‘ఈస్ట్‌వర్డ్’ అంటే తూర్పు వైపుకి పోయేది. రెండూ పూర్తిగా ఎదురెదురు.

వడగాలిలో గాలి లేకపోయినా...

వేసవిలో వార్తల వాళ్లు ‘వడగాలులు’ అనేది ఇంగ్లీషు ‘హీట్ వేవ్’ని. నిజానికి హీట్ వేవ్‌లో విండ్ అనే మాటే లేదు. వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదాన ప్రాంతాల్లో ఎండ 40 డిగ్రీలు తాకి, మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే హీట్ వేవ్. 45 దాటితే ఇంక మామూలుతో పోలికే అక్కర్లేదు. గాలి వీచిందా లేదా అన్న ప్రశ్నే లేదు.

ఉత్తర భారతంలో వేడిగాలిని ‘లూ’ అంటారు, మన అసలైన వడగాలి అది. తెలుగులో రెంటికీ ఒకటే పేరు పెట్టేసుకోవడంతో ఏమవుతోందంటే, ‘బయట వడగాలి లేదుగా, ఫరవాలేదు’ అనుకుంటున్నాం. ఆకు కదలని ఉక్కలో, రేకుల కప్పు కింద, పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి వడదెబ్బ తగలడానికి గాలి వీచక్కర్లేదు. చెమట ఆరదు కాబట్టి ఇంకా తొందరగా తగులుతుంది. ఆ హెచ్చరిక వచ్చిన రోజున మధ్యాహ్నం వంట పొద్దున్నే ముగించుకోండి. గాలి కోసం చూడకండి, డిగ్రీలు చూడండి.

మన ఇంట్లో దాక్కున్న గాలులు

ఇవి సరదాకి. మన నెత్తి మీద తిరిగే ఫ్యాన్‌కి ఆ పేరు లాటిన్‌లో చేట అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ధాన్యం ఎగరేసి పొట్టు పోగొట్టే పెద్ద చేట అది. ధాన్యం తూర్పారబట్టడాన్ని ఇంగ్లీషులో ‘విన్నో’ అంటారు, అందులో ఉన్నది విండే. వెంటిలేటర్‌లో ఉన్నదీ లాటిన్ గాలే. ఇక విండో, పాత నార్స్ భాషలో ‘గాలి కన్ను’. మనం గవాక్షం అంటాం, సంస్కృతంలో అది ‘ఆవు కన్ను’! రెండు దేశాల వాళ్లూ గోడకి కన్నే పెట్టారు చూడండి.

కుట్టుమిషన్ ఉన్నవాళ్లకి ఇంకోటి తెలిసే ఉంటుంది. బాబిన్‌కి దారం చుట్టడం కూడా అవే అక్షరాలతో రాస్తారు గానీ పలకడం ‘వైండ్’. గోడగడియారానికి కీ ఇచ్చినా వైండే. భూతకాలం ‘వౌండ్’. అవే అక్షరాల్ని ‘వూండ్’ అని పలికితే గాయం. ఈ వైండ్‌కీ గాలికీ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు, స్పెల్లింగు ఒక్కటే కలిసింది. బిగ్గరగా చదివేటప్పుడు పిల్లలు తడబడేది ఇక్కడే. పక్కన ‘ద విండ్’ అని ఉందా, ‘టు వైండ్’ అని ఉందా చూసుకోమంటే చాలు.

విండ్‌ఫాల్ అంటే అనుకోకుండా వచ్చిపడ్డ డబ్బు. అసలు అర్థం గాలికి రాలిన పండు. ఏరుకున్నవాడికి అదృష్టమే. నూజివీడు వైపు తోటలు గుత్తకి తీసుకున్నవాళ్లని అడిగితే మాత్రం ఆ మాటకి వేరే అర్థం చెబుతారు. ఏప్రిల్, మే నెలల్లో ఒక్క స్క్వాల్ కొడితే ఆ ఏటి పెట్టుబడి నేలపాలే. మర్నాడు బజారులో కాయ చవగ్గా దొరికితే ఆవకాయకని ఎగబడి కొనకండి. రాలిన కాయకి లోపల దెబ్బ తగిలి ఉంటుంది, మెత్తబడుతుంది, ఏడాది నిలవ ఉండదు. పప్పులోకి వేసుకోండి, తురిమి పులిహోర కలపండి. మరీ ఎక్కువుంటే చెక్కు తీసి, దెబ్బ తగిలిన చోట కోసి పారేసి, ముక్కలకి ఉప్పు పట్టించి ఎండలో ఒరుగులు పెట్టుకోండి. వానాకాలంలో పప్పులోకి బాగుంటాయి.